మామ్మతో అండమాన్ దీవులకు

విశాఖపట్నం రేవు నుంచి ఆగ్నేయంగా, సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే అండమాన్ దీవులు వస్తాయి. ఓడలో అయితే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. విమానంలో రెండు మూడు గంటల్లో రావచ్చు. కాని విమానంలో వచ్చినవాడికి దీవి అంటే ఏమిటో సరిగా తెలియదని నా అభిప్రాయం. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ నాలుగు పక్కలా నీళ్ళు తప్ప మరేమీ చూడనివాడికి, ఒకనాటి తెల్లవారుజామున ఆకాశం అంచున ఆకుపచ్చని గీత కనబడితే, ఆ గీత విలువ తెలుస్తుంది.

ఈ దీవులు నిజానికి కొండల కొనలు. బర్మాలో అరకాన్ యోమా అనే పర్వతాల వరస ఉన్నది. అది దక్షిణంగా వచ్చి, సముద్రంలో మునిగి, సుమత్రా వైపు సాగిపోయింది. మునిగిన కొండల్లో బాగా ఎత్తయినవాటి శిఖరాలు మాత్రం నీటి పైకి మిగిలాయి. అవే అండమాన్, నికోబార్ దీవులు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు 700 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దీవులు వందల కొద్దీ ఉన్నా, మనుషులు కాపురం ఉండేవి 30 ప్రాంతం మాత్రమే.

ముఖ్యపట్టణం పోర్ట్‌బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారుగాని, బజారులో ఇంకా పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి చేపల వేటకూ, కూలిపనులకూ, ఉద్యోగాలకూ వచ్చి స్థిరపడినవాళ్ళే ఎక్కువ. ఉద్యోగరీత్యా నేనూ అక్కడే ఉంటున్నాను.

ఒక ఏడు సంక్రాంతి సెలవులకు మా అక్కా బావా తమ పిల్లలు సూరినీ, చిట్టినీ తీసుకుని ఓడలో వచ్చారు. బావ తల్లి కూడా వచ్చింది. నేను ఆవిడను అత్తయ్యా అంటాను, పిల్లలు మామ్మా అంటారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డు పల్లె ఆవిడది. తండ్రీ, భర్తా ఇద్దరూ తెప్పల మీద వేటకు వెళ్ళినవాళ్ళే. వాళ్ళు సముద్రం మీద ఉన్నంతసేపూ మామ్మ ఒడ్డున కనిపెట్టుకుని ఉండేది. వాళ్ళు తెచ్చిన చేపలు అమ్మి ఇల్లు నడిపింది. ఏటా మూడువందల రోజులు సముద్రాన్ని చూసిన మనిషి, ఈ ప్రయాణానికి ముందు ఒక్కసారి కూడా ఓడగాని, పడవగాని ఎక్కలేదు!

వచ్చిన రోజు సాయంత్రమే పిల్లలకొక వింత కనబడింది. ఐదుంబావు అయిందో లేదో సూర్యుడు అస్తమించాడు. ఇంకొక ముప్పావుగంట ఆడుకోవచ్చుననుకున్న సూరి, ఇంట్లో గడియారం చెడిపోయిందన్నాడు. గడియారం చెడలేదు. మన దేశమంతటా గడియారాలు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడ పక్కగా పోతుంది. అండమాన్ దానికి దాదాపు 10 డిగ్రీలు తూర్పున ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, కాకినాడ కంటె 40 నిమిషాలు ముందుగా ఇక్కడ పొద్దు పొడుస్తుంది, ముందుగానే కుంకుతుంది.

‘‘సూర్యుడికి గడియారం ఎవరు కొనిచ్చారురా!’’ అన్నది మామ్మ.

మర్నాడు అబర్డీన్ జెట్టీలో చిన్న లాంచీ ఎక్కి రాస్ దీవికి వెళ్ళాం. పావుగంట ప్రయాణం కూడా లేదు. లాంచీ కదిలాక వెనక్కి చూస్తే, గుట్ట మీద సెల్యులర్ జైలు కనిపిస్తుంది. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. బండిచక్రానికి ఆకుల్లాగా నడుమ ఒక బురుజు నుంచి ఏడు వరసలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. మన స్వాతంత్ర్య వీరుల్ని ఒక్కొక్కరిని ఒక్కొక్క గదిలో పెట్టి, పక్క గదిలోవాడి ముఖం కూడా కనబడకుండా కట్టిన జైలు అది. చిట్టి దాన్ని చూసి, ‘‘పారిపోవచ్చుగా?’’ అని అడిగింది. మామ్మ జవాబు చెప్పకుండా చేత్తో చుట్టూ ఉన్న నీళ్ళు చూపించింది.

రాస్ దీవి చాలా చిన్నది. 2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. ఇంగ్లీషువారు 1858లో వచ్చి, ఎనభై ఏళ్ళకు పైగా ఇక్కడ ఉండే దీవులన్నిటినీ పాలించారు. చర్చి, రొట్టెలు కాల్చే బట్టీ, నాట్యం చేసే హాలు, అన్నీ కట్టుకున్నారు. 1941లో పెద్ద భూకంపం వచ్చింది. 1942లో జపాన్‌వారు వచ్చి దీవులను పట్టుకున్నారు. ఆ తరువాత ఈ దీవి మళ్ళీ బాగుపడలేదు. ఇప్పుడు గోడలన్నిటినీ మర్రిజాతి చెట్ల వేళ్ళు పాముల్లాగా చుట్టుకున్నాయి. గోడలు వేళ్ళను మోస్తున్నాయో, వేళ్ళు గోడలను నిలబెట్టాయో చెప్పడం కష్టం. దొరలు నాట్యం చేసిన చోట జింకలు తిరుగుతున్నాయి.

అసలు ప్రయాణం ఆ తరువాతి రోజున. పొద్దున్నే ఫీనిక్స్ బే రేవులో ఫెర్రీ ఎక్కి నీల్ దీవికి బయలుదేరాం. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా నలభై కిలోమీటర్లకు లోపే. వేగంగా పోయే పడవలు కూడా ఉన్నాయిగాని, నేను కావాలనే ఫెర్రీకి టిక్కెట్లు తీసుకున్నాను. దాని పైతట్టు మీద నిలబడి గాలి పీల్చవచ్చు. దీవులవాళ్ళు దానిలోనే బియ్యం బస్తాలూ, కోళ్ళ గంపలూ, పెళ్ళి సామానూ వేసుకుని తిరుగుతారు. మన ఊళ్ళో బస్సు ఎలాగో, వాళ్ళకు ఫెర్రీ అలాగ.

రేవు దాటగానే అలలు లేచాయి. సూరి ముఖం పాలిపోయింది. పడవ ఊగుతున్నట్టు చెవి లోపలి భాగం మెదడుకు చెబుతుంది. ఎదురుగా ఉన్న గోడనో, పుస్తకాన్నో చూస్తున్న కళ్ళు మాత్రం ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరకపోతే కడుపులో తిప్పుతుంది. అందుచేత దూరంగా, ఆకాశమూ నీరూ కలిసే గీతను చూడాలి. అది కదలదు. సూరిని పైతట్టుకు తీసుకుపోయి అదే చూడమన్నాను. మామ్మ కొంగున కట్టుకు వచ్చిన శొంఠిముక్క వాడి నోట్లో పెట్టింది. ఏది పనిచేసిందోగాని, అరగంటలో వాడు నీళ్ళ మీదుగా ఎగిరే చేపలను లెక్కపెడుతున్నాడు.

సముద్రపు రంగు చూసి మామ్మ నమ్మలేకపోయింది. లోతుగా ఉన్నచోట సిరాలాగా నీలం. దీవి దగ్గర పడేకొద్దీ నెమలికంఠం రంగు. ఒడ్డున, గాజు లాంటి పచ్చదనం. సూర్యకాంతిలోని ఎర్రరంగును నీరు త్వరగా పీల్చేస్తుంది, నీలం మిగులుతుంది. లోతు తక్కువైన చోట అడుగున తెల్లని ఇసక వెలుతురును తిరగగొడుతుంది గనక పచ్చగా కనిపిస్తుంది. ‘‘మరి మన ఊళ్ళో ఇలా ఉండదేం?’’ అన్నది చిట్టి. మన తీరానికి గోదావరి, వంశధార, నాగావళి వంటి నదులు ఏటా కొండల మట్టిని తెచ్చిపోస్తాయి. అండమాన్‌లో అంత పెద్ద నదులు లేవు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ కావలసి వస్తుంది.

నీల్ అనేది ఒక ఇంగ్లీషు సైనికాధికారి పేరు అంటారు. 2018 నుంచి దీన్ని షహీద్ ద్వీపం అంటున్నారు. కాని చిట్టికి మరొక సిద్ధాంతం ఉన్నది. రామాయణంలో వానరసేనకు నాయకుడైన నీలుడి పేరే ఇది అని! ఆ పిల్లను తప్పుపట్టడానికి లేదు. ఎందుకంటే, దీవిలోని ఊళ్ళ పేర్లు రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్! దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారికి ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. వాళ్ళు అడవి కొట్టి, పొలాలు చేసుకున్నారు. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌కు ఇక్కడి నుంచి కూరగాయలు ఎగుమతి అవుతాయి.

లక్ష్మణ్‌పూర్ ఒడ్డున రాతివంతెన ఒకటి ఉన్నది. మనుషులు కట్టినది కాదు. పూర్వం పగడాలు పేరుకుని రాయి అయిన గట్టును అలలు కింది నుంచి తొలిచి తొలిచి, వంపు మాత్రం మిగిల్చాయి. బెంగాలీవాళ్ళు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. దాని దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు పోవడానికి వీల్లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దారి ఉంటుంది.

మామ్మ వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, ‘‘నిన్న పున్నమి. మా రేవులో అయితే మూడు, మూడున్నరకు నిండు పాటు. ఇక్కడెప్పుడో?’’ అన్నది.

పోటు అంటే నీరు ఎక్కడం, పాటు అంటే తగ్గడం. మనం ఆటు అంటాం. దారి చూపడానికి వచ్చిన ఊరి కుర్రవాడు నాలుగు దాటాక అన్నాడు. అంత తేడా ఎందుకు లేదో మామ్మకు తెలుసు: ‘‘చంద్రుడొక్కడేగా!’’

ఆ మాట నిజమే. చంద్రుడు సముద్రాన్ని తనవైపు లాగుతాడు. భూమి తిరుగుతుంది గనక రోజుకు రెండు పోట్లూ, రెండు పాట్లూ వస్తాయి. ఈలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు గనక, ఏ రోజు పోటు ఆ రోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. పున్నమికీ, అమావాస్యకూ సూర్యచంద్రులిద్దరూ ఒకే గీత మీద ఉండి లాగుతారు. అప్పుడు నీరు బాగా ఎక్కుతుంది, బాగా తగ్గుతుంది. అండమాన్‌లో ఆ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. మామ్మ ఈ పాఠం బడిలో చదువుకోలేదు. తిథి తెలిస్తే ఆవిడకు వేళ తెలుస్తుంది, అంతే.

మూడు గంటలకు వంతెన వైపు నడిచాం. పొద్దున నీళ్ళున్న చోట ఇప్పుడు రాతినేలా, మధ్య మధ్య మడుగులూ ఉన్నాయి. ఒక్కొక్క మడుగూ ఒక్కొక్క ఊరు! నీలం అంచుతో నోరు తెరుచుకుని ఉన్న పెద్ద ఆల్చిప్ప, వేలు చూపిస్తే ముడుచుకునే చిన్న మొక్కల్లాంటి జంతువులు, సముద్రపు దోసకాయ అనే నల్లని జీవి, మరొకరి గవ్వలో కాపురం పెట్టిన పీత. శంకువులా ఉండే అందమైన గవ్వ ఒకటి కనబడితే చిట్టి చెయ్యి చాచింది. కుర్రవాడు చటుక్కున ఆపాడు. ఆ జాతి నత్తలు సూదితో పొడిచినట్టు పొడుస్తాయి. కొన్నిటి విషానికి మనుషులు చనిపోయారు. అక్కడ దేన్నీ చేత్తో తాకకుండా ఉండడమే మంచిది.

సూరి మాత్రం తెల్లని కొమ్మలాంటి రాయి ఏరి, ‘‘ఇది నా బడికి!’’ అన్నాడు. అది పగడం. మామ్మ వెంటనే తన మంగళసూత్రంలోని ఎర్రని పగడపు పూసలను పట్టుకుని, ‘‘ఇదా పగడం? తెల్లగా ఉందేం?’’ అని అడిగింది.

పగడాల్లో చాలా జాతులున్నాయి. నగలకు వాడే ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. అది చెట్టుకొమ్మలా పెరుగుతుందిగాని దీవుల చుట్టూ గట్లు కట్టదు. గట్లు కట్టేది ఈ రెండో రకం. పగడపు జీవి తిత్తిలాంటి చిన్న జంతువు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని, తన చుట్టూ గిన్నెలాంటి ఇల్లు కట్టుకుంటుంది. అలాంటివి కోట్ల కొద్దీ, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోతే పగడపు గట్టు అవుతుంది. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచే ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది, చాలావరకు రంగు కూడా దానిదే. నాచుకు వెలుతురు కావాలి, వెలుతురుకు తేటనీరు కావాలి. నదులు మట్టి తెచ్చిపోసే మన తీరంలో ఇలాంటి గట్లు పెరగకపోవడానికి అది ముఖ్యకారణం.

నీరు మరీ వేడెక్కితే పగడం తన నాచును బయటికి తోసేసి, తెల్లబోతుంది. త్వరలో చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు ఇలాగే చాలా దెబ్బతిన్నాయి. గుండ్రంగా పెరిగే రకం ఏడాదికి ఒక సెంటీమీటరు ప్రాంతం పెరుగుతుంది. రుబ్బురోలంత కావాలంటే పాతిక, ముప్ఫయి ఏళ్ళు పడుతుంది. అంతకాలం పట్టి కట్టిన గట్టు చేసే పనేమిటంటే, పెద్ద అలల జోరును బయటే విరగగొట్టి, ఒడ్డును కాపాడడం. చచ్చిన పగడం కూడా అరిగి అరిగి దీవికి ఇసక అవుతుంది. అందుకే చచ్చిన ముక్క అయినా ఇంటికి తీసుకుపోవడానికి చట్టం ఒప్పదు. విమానం ఎక్కేటప్పుడు సంచులు చూస్తారు కూడాను.

సూరి ఆ కొమ్మను వెనక్కి పెట్టేశాడుగాని, మొహం ముడుచుకుని దూరంగా, అలలు విరిగే అంచు వైపు పోయాడు. మేము వంతెన కింద కూర్చున్నాం. నాలుగున్నర అవుతున్నది. అంతటా హాయిగా, నిశ్చలంగా ఉన్నది. ఇంతలో మామ్మ లేచి నిలబడింది.

‘‘నీరు తిరిగింది. పిల్లవాణ్ణి పిలవండి.’’

నాకేమీ తేడా కనిపించలేదు. మామ్మ తన కాళ్ళ దగ్గర ఉన్న సన్నని కాలవ చూపించింది. ఇందాక దానిలో తుక్కు సముద్రం వైపు పోతుండేది. ఇప్పుడు ఒడ్డు వైపు వస్తున్నది! బావ పరుగున పోయి సూరిని తీసుకొచ్చాడు. నీరు ఎక్కేటప్పుడు ఎదురుగా అల్లాగా వచ్చి మీద పడదు. ముందు పల్లాల వెంట చడీచప్పుడు లేకుండా మన వెనక్కి చేరుతుంది. మొదటి గంట మెల్లిగా ఎక్కుతుంది. మూడో గంటా, నాలుగో గంటా అన్నిటికంటె వేగం. వచ్చేటప్పుడు పొడిగా దాటిన కాలవలో తిరుగుదారిలో పాదాలు మునిగాయి. ఒడ్డున టీ దుకాణంలో టీలు తాగి, చీకటి పడేవేళ చూస్తే, సూరి నిలబడిన చోటు ఎక్కడో గుర్తుపట్టడానికి లేదు.

‘‘నీకెలా తెలిసింది మామ్మా?’’ అన్నాడు సూరి.

‘‘మీ తాత సముద్రం మీద ఉంటే నేను నీళ్ళు కాక ఇంకేం చూస్తాను?’’ అన్నది మామ్మ. తరువాత, ఎవరూ అడగకుండానే, సునామీ వచ్చిన రోజు సంగతి చెప్పింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఆ రోజూ పున్నమే. ఉదయం తొమ్మిది ప్రాంతంలో వాళ్ళ రేవులో నిండు పోటు ఉండాలి. అలాంటిది సముద్రం లోపలికి పోవడం మొదలుపెట్టింది. బయటపడిన ఇసకలో చేపలు కొట్టుకుంటుంటే ఏరుకోవడానికి పిల్లలు పరిగెత్తారు. పోటు వేళ పాటు ఏమిటని మామ్మ గుండె ఝల్లుమన్నది. ఆవిడా, మరి ఇద్దరు ముసలమ్మలూ గొంతు చించుకుని అరిచి, తిట్టి, పిల్లల్ని మెరక మీదికి తోలారు. నీళ్ళు తిరిగి వచ్చి వలలూ, తెప్పలూ ఈడ్చుకుపోయాయి. మనుషులు దక్కారు.

సునామీకి ముందు అన్నిచోట్లా సముద్రం వెనక్కి పోదు. కొన్నిచోట్ల ఒకేసారి మీదికే వస్తుంది. అందుచేత ఒడ్డున ఉండగా భూమి గట్టిగా కంపిస్తే, నీళ్ళు చూస్తూ నిలబడక మెరకకు పోవాలి. లిటిల్ అండమాన్ దీవిలో ఓంగీలు అనే ఆదివాసులు ఉన్నారు. ఆనాడు నేల కంపించగానే వాళ్ళు ఒడ్డు విడిచి లోపలికి, ఎత్తయిన చోటికి పోయి బతికారు. పెద్దలు చెప్పిన మాట అలాగ వాళ్ళలో నిలిచి ఉన్నది. దీవుల్లో మనకంటె ఎంతో ముందునుంచి ఉన్న ఇటువంటివారి చోట్లకు చూడడానికని పోకూడదు. సెంటినెలీలు ఉండే ఉత్తర సెంటినెల్ దీవికి 5 కిలోమీటర్ల లోపుకు పోవడాన్ని చట్టం నిషేధించింది. పిలవని ఇంటికి పోయే అలవాటు మనకు మాత్రం ఉన్నదా?

ఆ భూకంపం దీవులను కూడా కదిపింది. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. ఊరి పక్కన సిప్పీఘాట్‌లో వరిపొలాల మీదికి వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేదు. ఉత్తరాన, పడమటి ఒడ్డున నేల పైకి లేచింది; నీటిలో ఉండవలసిన పగడపు గట్లు ఎండకు బయటపడి చచ్చిపోయాయి. నికోబార్ దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, దీపస్తంభం మొదలు నీళ్ళలో నిలిచింది.

ఆ రాత్రి నీల్ దీవిలోనే ఉన్నాం. వెన్నెల పట్టపగల్లా ఉన్నది. పది దాటాక సూరి నన్ను లేపి ఒడ్డుకు లాక్కుపోయాడు. మామ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నది. సాయంత్రం మేము నడిచిన రాతినేల జాడ కూడా లేదు. నీళ్ళు కొబ్బరిచెట్ల వేళ్ళ దాకా వచ్చి, ఇంకా పైకి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగాయి. మామ్మ ఒక పుల్ల తీసి నీటి అంచున గుచ్చింది. నీరు ఆ పుల్లను దాటలేదు. కాసేపటికి దాని ఇవతల రెండు వేళ్ళంత తడి ఇసక కనిపించింది.

సూరి గడియారం చూసి ఆ వేళను నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మర్నాటి రాత్రి పోటును చూడడానికి ఇంకా ఆలస్యంగా లేచాడు. ఆ మర్నాడు ఇంకా ఆలస్యంగా. విమానం ఎక్కే రోజుకు వాడి పుస్తకంలో అయిదు వేళలు ఉన్నాయి, పక్కనే మామ్మ చెప్పిన తిథులు ఉన్నాయి. విమానాశ్రయంలో సంచులు వెతికినప్పుడు ఆ పుస్తకాన్ని కూడా తిరగేసి చూసి, ఇచ్చేశారు.